చర్చిలో పెళ్లి ప్రకటన చదివేటప్పుడే కట్నం సంగతీ అడగాలి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మే నెలలో మా అబ్బాయి పెళ్లి చేశాను. కట్నం తీసుకోలేదు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా బంధువులు, మా చర్చి సంఘంలోని వాళ్లు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: "కుర్రాడిలో ఏమన్నా లోపం ఉందా?" మా సొంత పిన్ని అయితే పెళ్లికూతురి తల్లిని పక్కకు పిలిచి, "హైదరాబాదులో అబ్బాయికి ఉద్యోగం ఉందో లేదో కనుక్కున్నారా" అని అడిగిందట. ఇది నన్ను చాలా బాధపెట్టింది. అందుకే ఈ ఉత్తరం.

మేం గుంటూరు లూథరన్ క్రైస్తవులం. 1842లో అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ ఈ ఊళ్లో అడుగుపెట్టిన సంగతి మాకు చిన్నప్పుడే సండేస్కూల్లో నేర్పారు. మా ముత్తాత బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఊళ్లో పని ఇవ్వడం మానేశారని, అయినా ఆయన వెనక్కి తగ్గలేదని మా నాయనమ్మ చెప్పేది. అలాంటి వాళ్ల పిల్లలం మేం. లోకస్తుల్లా ఉండకూడదని, మనం ప్రత్యేకింపబడిన జనమని ప్రతి ఆదివారం వింటాం. ఆ ప్రత్యేకతను ఎక్కడ చూపిస్తున్నామయ్యా అంటే, బొట్టు పెట్టుకోం, జాతకాలు చూడం, రాహుకాలం లెక్కచేయం. మూఢం వచ్చినా పెళ్లిళ్లు ఆపం. పైగా అప్పుడు కల్యాణమండపం అద్దె తక్కువకు దొరుకుతుందని సంతోషిస్తాం కూడా. ఇవన్నీ నేనూ పాటిస్తాను, నాకు ఇష్టమే. కానీ వీటిలో ఏ ఒక్కదానికీ మన చేతిలోంచి పైసా పోదు. పైసా పోయే చోటు కట్నం. అక్కడికి వచ్చేసరికి మా ఇంటికీ ఎదురింటికీ తేడా ఏమీ లేదు. వేదికెక్కి "దేవుడు జతపరచిన" అని ప్రార్థన చేస్తాం, ఆ జతకు రేటు మాత్రం నెల ముందే కుదురుతుంది.

ఆదివారం పత్రికల్లో పెళ్లి ప్రకటనలు చూడండి. క్రిస్టియన్ అని ఉంటుంది, పక్కనే బ్రాకెట్లో కులం ఉంటుంది, ఆ కింద ప్లాటు, పొలం, "ఏకైక కుమార్తె" అని ఉంటుంది.

నా సంగతి దాచను. 1984లో నా పెళ్లికి మా నాన్న చేబ్రోలు దగ్గర అర ఎకరం మాగాణి అమ్మి 15,000 కట్నం ఇచ్చారు. ఆ పొలం గట్టు మీద ఆయన మళ్లీ నడవడం నేను చూడలేదు, చుట్టూ తిరిగి వేరే దారిన వెళ్లేవారు. అంత చూసి కూడా 2017లో మా అమ్మాయికి నేను 8 లక్షలు ఇచ్చాను. మావారు అప్పటికే లేరు. మున్సిపల్ స్కూల్లో టీచరు జీతం మీద చీటీ పాడి, బంగారం కుదువపెట్టి ఇచ్చాను. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం తీసుకున్న వాళ్లతో పాటు ఇచ్చిన వాళ్లనూ నేరస్థులుగానే చూస్తుంది. మూడో సెక్షన్ ప్రకారం అయిదేళ్లకు తగ్గకుండా జైలు. అంటే చట్టం ముందు నేనూ దోషినే. దేవుని ముందు అంతకంటే ఎక్కువ, ఎందుకంటే అది తప్పని తెలిసే చేశాను.

ఆ అప్పులో ఇంకా 3 లక్షలు మిగిలి ఉండగానే అబ్బాయికి సంబంధం కుదిరింది. అమ్మాయిది తెనాలి వైపు, బీఎస్సీ నర్సింగ్. తండ్రి తాపీమేస్త్రి. ఇంట్లో అందరూ ఒకటే మాట: "అడగొద్దు, వాళ్లంతట వాళ్లు ఇస్తే కాదనొద్దు." మా అమ్మాయి కూడా, "అమ్మా, నా పెళ్లికి మా ఆడపడుచుకి లాంఛనం ఇచ్చావుగా, మరి నాకు?" అంది. ఆ పిల్ల అడిగినదాంట్లో అన్యాయం లేదు. నా దగ్గర జవాబూ లేదు.

ప్రధానం (నిశ్చితార్థం) రోజున భోజనాలు అవుతుండగా పెళ్లికూతురి తండ్రి నన్ను వంటింట్లోకి పిలిచారు. చొక్కా లోపల్నుంచి పసుపుపచ్చ గుడ్డసంచి తీశారు. అయిదువందల నోట్లు, రబ్బరుబ్యాండ్లు వేసి ఉన్నాయి. "చెల్లెమ్మగారూ, మీరు అడగలేదు, అది మీ మంచితనం. కానీ ఉత్త చేతులతో పంపితే రేపు మా బిడ్డకు మీ ఇంట్లో విలువుండదు. రెండు లక్షలున్నాయి, కాదనకండి" అన్నారు. సంచి పట్టుకున్న చేతివేళ్లు చూశాను. గోళ్ల చుట్టూ సిమెంటు తెల్లగా పేరుకుని, బొటనవేలు చీలి ఉంది. ఆ నోట్ల కట్టల మధ్య డ్వాక్రా సంఘం పాసుపుస్తకం ఉంది, తొందరలో దాన్ని కూడా సంచిలో వేసేసినట్టున్నారు. ఆయన భార్య పేరున తీసిన లోను. వాయిదాలు కట్టాల్సింది ఆవిడ.

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నా చీటీ బాకీ గుర్తొచ్చింది. సంచి చేతిలోకి తీసుకున్నాను కూడా. పాసుపుస్తకం మీద ఫొటోలో ఆవిడ మొహం చూశాక తిరిగి ఆయన చేతిలో పెట్టాను. "అన్నయ్యగారూ, ఇది తీసుకుంటే రేపు ఆ పిల్ల నాకు అన్నం వడ్డిస్తుంటే నేను తల ఎత్తలేను" అన్నాను. ఆయన సంతోషిస్తారనుకున్నాను. మొహం ముడుచుకుపోయింది. "మమ్మల్ని తక్కువ చేస్తున్నారా?" అన్నారు. ఆయనకు నచ్చచెప్పడానికి అరగంట పట్టింది. ఇంతమంది తీసుకుంటుంటే తీసుకోని వాళ్లను చూసి ఆడపిల్ల తండ్రి భయపడే స్థితికి వచ్చాం మనం.

వాక్యం తెలిసిన వాళ్లకు ఒక మాట. నిర్గమకాండం 23వ అధ్యాయంలో చెడు చేయడానికి గుంపు వెంట పోవద్దని ఉంది. కట్నానికి బైబిల్లో ఆధారం ఉందని ఎవరైనా అంటే ఆదికాండం తీసి చూడండి. రాహేలు కోసం యాకోబే ఏడేళ్లు కొలువు చేశాడు. రిబ్కా ఇంటికి బంగారం, వస్త్రాలు అబ్రాహాము సేవకుడే మోసుకెళ్లాడు.

ఇక నా మనవి. మా సంఘాల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవారు తెలియజేయాలని పాస్టరుగారు అడుగుతారు. ఆ మూడు వారాల్లో ఒకసారి రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి, ఏమిచ్చారు, ఏం పుచ్చుకున్నారు అని అడగలేరా? వరకట్న నిషేధ చట్టం కింద చేసిన 1985 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వధూవరులకు వచ్చిన కానుకల జాబితా రాయాలి. ఏ వస్తువు, సుమారు విలువెంత, ఎవరిచ్చారు, వాళ్లకు ఏమవుతారు అన్నీ రాసి, వధూవరులు సంతకం చేయాలి. ఇది చాలామందికి తెలియదు. మా అబ్బాయి పెళ్లిలో రిజిస్టరు సంతకాలు పెట్టే బల్ల మీదే ఆ కాగితం కూడా పెట్టించాను. అబ్బాయికి ఒక వాచీ, బట్టలు. అమ్మాయికి వాళ్లమ్మ పెట్టిన రెండు గాజులు, కుట్టుమిషను, బైబిలు, కీర్తనల పుస్తకం. అంతే. సంఘపెద్ద ఒకాయన చదివి, "ఇదెందుకమ్మా, మన మధ్యనే కదా" అన్నారు. మన మధ్యనే కాబట్టే రాయాలి అన్నాను.

పత్రికలకు కూడా ఒక మాట. పెళ్లికి బదులుగా ఆస్తి ఇస్తామనో డబ్బు ఇస్తామనో ప్రకటన వేయడం, దాన్ని అచ్చు వేయడం వరకట్న నిషేధ చట్టంలో 1986లో చేర్చిన 4-ఏ సెక్షన్ కింద నేరం. పెళ్లి ప్రకటనల పేజీ పైన ఈ సంగతి రెండు లైన్లలో వేయండి.

చీటీ బాకీ ఇంకా ఉంది. నెలనెలా పింఛనులోంచి కడుతున్నాను. మా అమ్మాయి ఆ కానుకల జాబితా మీద సాక్షి సంతకం చేసింది. తన లాంఛనం మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, అది మా ఇద్దరి మధ్య ఇంకా అలాగే ఉంది.

మా కోడలి తండ్రి పేరు బయటపడకూడదు కాబట్టి నా పేరు వేయవద్దని మనవి. జాబితా నమూనా కావాలన్న సంఘాలకు పంపుతాను, నా చిరునామా మీ కార్యాలయంలో ఉంచండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
కొరిటెపాడు, గుంటూరు