మిగిలిన ఆర్డర్లను యాప్ ఇక దానంతట అది రేపటికి జరపదు

మన ఆర్డర్ల యాప్ వాడుతున్న టైలరింగ్ షాపులు, బొటీక్‌ల వాళ్లందరికీ నమస్కారం. వచ్చే అప్‌డేట్‌లో కొన్ని సౌకర్యాలు తీసేస్తున్నాం. కొందరికి కోపం వస్తుందని తెలుసు, అందుకే ముందే చెబుతున్నాను.

విజయవాడ వన్‌టౌన్‌లో బ్లౌజులు కుట్టే ఒకావిడ మన యాప్‌కి డబ్బు కడుతూనే, పక్కన లాంగ్ నోట్‌బుక్ కూడా పెట్టుకున్నారు. రెండూ ఎందుకండీ అంటే పుస్తకం నా ముందుకు తోశారు. ప్రతి ఆర్డర్ పక్కనా చిన్న గుడ్డముక్క పిన్ చేసి ఉంది. అడ్వాన్స్ అందితే పేరుకి సున్నా చుడతారు, డెలివరీ అయితే అడ్డంగా గీత. పెళ్లి బ్లౌజులున్న పేజీ మూల మడత. కొలత మారితే పాత అంకె కొట్టేసి పక్కన కొత్తది. "చేతులు ముందు పది అన్నారు, తర్వాత తొమ్మిదన్నర అన్నారు. రేపు గొడవొస్తే ఇదే చూపిస్తా" అన్నారు. యాప్‌లో పాత అంకె మారిస్తే పోయినట్టే. ఇకమీదట కొట్టివేత గీతతో సహా కనిపిస్తుంది.

అసలు సంగతి సోమవారానిది. ఆ రోజు ఆవిడ మిగిలిన ఆర్డర్లన్నీ కొత్త పేజీలోకి చేత్తో ఎక్కిస్తారు. రాస్తుంటేనే ఎవరు బట్టలు తీసుకెళ్లలేదో గుర్తొస్తుంది, అప్పుడే ఫోన్ కొడతారు. యాప్ ఆ శ్రమ లేకుండా అన్నీ రేపటికి జరిపేస్తుంది. పాతవి పైన పేరుకుపోతాయి, వాటిని ఎవరూ చూడరు. 2013లో బుల్లెట్ జర్నల్ పద్ధతిని (చేయాల్సిన పనుల్ని నోట్‌బుక్‌లో చేత్తో రాసుకునే పద్ధతి) జనంలోకి తెచ్చిన రైడర్ కారల్ వృత్తిరీత్యా డిజిటల్ డిజైనరే. ఆయనా మిగిలిన పనుల్ని నెలనెలా చేత్తో తిరగరాయమంటాడు, తిరగరాయాలనిపించనిది కొట్టేయమంటాడు. కాబట్టి ఇకపై ప్రతి సోమవారం యాప్ ఒక్కో ఆర్డరూ చూపించి ఉంచాలా, కొట్టేయాలా అని అడుగుతుంది. "అన్నీ ఉంచు" బటన్ చాలామంది అడిగారు. ఇవ్వను.

కేటగిరీ, గడువు నింపితేనే సేవ్ అవుతుందనే నిబంధన కూడా పోతోంది. వరుసగా ఎన్ని రోజులు వాడారో లెక్కేసి ఇచ్చే స్టార్లూ పోతున్నాయి (షాపుకి సెలవు పెట్టుకుంటే యాప్‌కి ఎందుకంట బాధ!).

అలాగని పుస్తకం ఒక్కటే చాలనను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కొలతల పుస్తకాలు నాని ముద్దయిపోయిన వాళ్లు తర్వాత మన దగ్గరికి వచ్చారు. బ్యాకప్, సెర్చ్ ఎక్కడికీ పోవు. గుడ్డముక్కకి బదులు ఫొటో పెట్టొచ్చు గానీ, కొన్ని ఫోన్లలో మెరూన్ కాస్తా పండుమిర్చి ఎరుపులా కనిపిస్తుంది. ముక్క పిన్ చేసే అలవాటు మానకండి.

చందా పెరగదు. పాత పద్ధతే కావాలంటే వచ్చే నెలాఖరు దాకా సెట్టింగ్స్‌లో ఉంటుంది.