మూసివేసిన ఫిర్యాదుపై ఇంకొక ఫిర్యాదు

హనుమకొండ

కస్టమర్ కేర్ విభాగాధిపతి గారికి,

అయ్యా,

హనుమకొండ చౌరస్తాలోని మీ డీలరు వద్ద కొన్న 32 అంగుళాల టీవీ గురించి నాలుగు నెలలుగా మొరపెట్టుకుంటున్నాను. నాది పెండ్లి పత్రికలు, అర్జీలు కంపోజ్ చేసే చిన్న డీటీపీ సెంటరు. మానిటరుకు బదులు పనికొస్తుందా అని అడిగితే, "రెండూ ఒకటే సార్, డబ్బా మీదనే 1080 అని ఉంది" అన్నారు. తెచ్చి బిగిస్తే తెర అంచులు తెగిపోయి స్టార్ట్ బటన్ సగమే కనబడింది, అక్షరాలు అలుక్కుపోయాయి. 'ధ' అడుగున ఉండే చిన్న గీత ఉందో లేదో ఆ తెర మీద తెలియక, టైపులో పడ్డ తప్పు పట్టుకోలేకపోయాను; నర్సంపేట వారి 300 పత్రికల్లో వధువు 'వదువు' అయింది. వాటిని నా సొమ్ముతో మళ్ళీ అచ్చు వేయించాను.

అది కూడా సరిపెట్టుకునేవాణ్ణే. తర్వాత మీరు చేసిన మర్యాదే మరవలేకపోతున్నాను.

మీ కస్టమర్ కేర్‌కు ఫోను చేసి తెలుగు కోసం 4 నొక్కితే హిందీ వచ్చింది. మొదటి అమ్మాయి ప్లగ్గు తీసి పది నిమిషాలు ఆగమన్నది, ఆగాను. రెండో ఆయన బిల్లు నంబరు మూడుసార్లు చెప్పించుకొని, పై అధికారికి కలుపుతానని పాట వినిపించి, పాట మధ్యలోనే ఫోను పెట్టేశాడు. మూడో ఆయన, టీవీ దూరం నుంచి చూసే వస్తువు గనుక ఆరడుగులు వెనక్కి జరిగి కూర్చోమని సలహా ఇచ్చాడు. నా చేతులు కీబోర్డు దాకా అంత పొడవు సాగవని విన్నవించుకుంటే, అది కంప్యూటరు కంపెనీ వాళ్ళను అడగాలన్నాడు. చివరికి వచ్చిన టెక్నీషియన్ ఒక సినిమా పాట పెట్టి, "బొమ్మ మంచిగనే వస్తుంది కదా అన్నా" అని, తాను వచ్చినట్టు రుజువుకు కావాలంటూ ఓటీపీ అడిగి తీసుకున్నాడు. అతను మెట్లు దిగకముందే, నా సమస్య పరిష్కారమైందనీ ఐదు నక్షత్రాలు ఇవ్వమనీ మెసేజ్ వచ్చింది. ఏ పరిష్కారమో నాకు కూడా తెలిపితే సంతోషించేవాణ్ణి.

మీరు నాలుగు నెలల్లో చెప్పలేనిది పక్క దుకాణంలో కంప్యూటర్లు బాగుచేసే పిల్లవాడు ఐదు నిమిషాల్లో చెప్పాడు. 1080 సిగ్నల్‌ను తీసుకోవడం వేరు, తెర మీద అన్ని చుక్కలు ఉండడం వేరట. నా కంప్యూటరు పంపేది 1920 అడ్డం, 1080 నిలువు. మీ తెరకున్నవి 1366, 768. అంటే 20 లక్షల పైచిలుకు చుక్కలను 10 లక్షల పైచిలుకులో కుక్కుతున్నది. సినిమాలో ముఖాలకు తెలియని ఆ లోటు ఒత్తుల దగ్గర బయటపడుతుంది. బొమ్మను కాస్త పెంచి అంచులు కోసేసే ఓవర్‌స్కాన్‌ను సెట్టింగుల్లో తీసేసి, తెగిన అంచులను కూడా అతనే సరిచేశాడు; ఏ ఓటీపీ అడగలేదు.

మా ఇంటి మొదటి కలర్ టీవీ మీదే. మా అక్క పెండ్లికి పెట్టిన ఫ్రిజ్, మా అమ్మ వాషింగ్ మెషిన్ మీవే. ఇన్నేండ్ల గిరాకీకి దక్కిన గౌరవం ఆ ఓటీపీ.

15 రోజుల్లో తెలుగు వచ్చిన బాధ్యులెవరైనా నాకు ఫోను చేయాలి. టీవీని వాపసు తీసుకుంటారో, మానిటరే ఇప్పిస్తారో, పత్రికల ఖర్చు సంగతేమిటో అప్పుడు మాట్లాడుకుందాం. లేనిపక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం స్వయంగా పనిచేసుకొని బతికేవాడు కూడా వినియోగదారుడే. 5 లక్షల లోపు వస్తువుకు రుసుము కూడా లేదు. అర్జీ ఎవరితో టైపు చేయించుకోవాలా అన్న చింత నాకు లేదు. ఈ ఊళ్ళో అటువంటివి టైపు చేసిపెట్టేది నేనే, ఈసారి పాత మానిటరు మీద చేస్తాను.

ఇట్లు,
మీ పాత గిరాకీ