మా పిల్లవాడి బడికి కృతజ్ఞతలు

వర్తూరు దగ్గరి ఒక ప్రభుత్వ కన్నడ ప్రాథమిక పాఠశాలకు నలుగురిలో చెప్పుకోవలసిన ధన్యవాదాలివి. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

వేరుశనగ చేతికి రాక, అనంతపురం వైపు నుంచి చదువుల నడుమ బెంగళూరు వచ్చాం. మావారు టైల్స్ మేస్త్రీ. మొదట వెళ్లిన బడిలో టీసీ లేదన్నారు, పిల్లవాడికి కన్నడం రాదన్నారు, గేటు దగ్గరి నుంచే పంపేశారు. ఈ బడి హెడ్‌మాస్టరు గారు మాత్రం, టీసీ ఆలస్యమైనా, వయసు రుజువు లేకపోయినా పిల్లవాడిని కాదనడానికి వీల్లేదని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోనే ఉందంటూ అప్పటికప్పుడు రిజిస్టరులో పేరు ఎక్కించారు. టీసీ కోసం మా ఊరి బడికి ఉత్తరం కూడా ఆయనే రాశారు.

చేర్చుకోవడం ఒక ఎత్తు, ఆ తర్వాత టీచరు గారు పడ్డ శ్రమ ఒక ఎత్తు. ఇక్కడ ప్రభుత్వ బడుల్లో చిన్న తరగతులకు నలి-కలి పద్ధతి. కార్డులు చూసుకుంటూ ఎవరి వేగంతో వారు ముందుకు పోతారు. (1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె ఉపాధ్యాయులు మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ బడికి వెళ్లి చూసి వచ్చాక మొదలైన పద్ధతి ఇది. ఆ సంగతి తెలిసి మావారు మురిసిపోయారు.) అందుకే నడుమ చేరిన మావాడికి వెనకబడ్డాడన్న మాట రాలేదు. టీచరు గారు వాడి తెలుగు వాచకం తెప్పించుకున్నారు. గ, ద, ర, ల లాంటివి తలకట్టు తప్ప ఇంచుమించు ఒకటే కదా, వాటి జోలికి పోకుండా, తేడాగా ఉండే క, త, శల ముందు వాడిని కూర్చోబెట్టారు. వాడు ఒక పక్క తెలుగులో, ఎదురుగా కన్నడంలో రాసిన ఆ నోటుపుస్తకం దాచిపెట్టాను.

కన్నడం వద్దని మేమెన్నడూ అనలేదు. ఈ ఊళ్లో బతకాలంటే అది రావాలి. ఇంటి మాటకు బిడ్డ సిగ్గుపడకూడదన్నదే మా ఆరాటం.

పీర్ల పండుగకు మా ఇంటిల్లిపాదీ గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి పోవాల్సిందే. బడి తెరిచిన కొద్దినాళ్లకే పిల్లవాడు మానేశాడని చీవాట్లు తప్పవనుకున్నాను. తిరిగొచ్చాక టీచరు గారు వాడిని ముందు నిలబెట్టి, అగ్నిగుండం గురించి, చక్కెర చదివింపుల గురించి చెప్పమన్నారట. కన్నడం రాని చోట తెలుగులోనే చెప్పాడు, తెలుగు తెలిసిన పిల్లలు అందుకున్నారు. హిందువులు పీర్లను ఎత్తుకోవడం ఏమిటని ఒకడు అడిగితే, మా వైపూ అంతేనని రాయచూరు పిల్ల జవాబు చెప్పిందట!

తల్లిదండ్రుల సమావేశాలు కూడా పనివేళల్లో కాకుండా ఆదివారం పెట్టారు. కూలి పోగొట్టుకోకుండా బడి గడప తొక్కడం మాలాంటివాళ్లకు ఎంత ఊరటో అనుభవిస్తేనే తెలుస్తుంది. అక్కడ చెప్పినవన్నీ మళ్లీ తెలుగులో వివరించిన వంట అక్కకు ప్రత్యేకంగా నమస్కారం.

మన వైపు నుంచి పనికి వచ్చినవాళ్ల పిల్లలను టీసీ లేదని ఎక్కడైనా తిప్పి పంపితే నాకు చెప్పండి. చట్టంలో 5, 14 సెక్షన్లు చూపిస్తూ దరఖాస్తు రాసిపెడతాను.