కాలవ కట్టేశాక ఫైరింజన్‌కు నీళ్లెక్కడివి?

జిల్లా అగ్నిమాపక అధికారి గారికి, అమలాపురం.

అయ్యా,

పోయిన ఎండాకాలం మా వీధి చివర కొబ్బరి పీచు షెడ్డు అంటుకుంది. 101కి కొట్టాం. బండి తొందరగానే బయల్దేరింది, మీ వాళ్లను తప్పుపట్టను. కానీ మా పంట కాలవ మీది వంతెన ఇరుకు. బండి అక్కడే ఆగిపోయింది. అక్కణ్ణుంచి గొట్టాలు ఒకదానికొకటి తగిలించుకుంటూ పరిగెత్తుకొచ్చారు.

ట్యాంకులో నీళ్లు కొద్ది నిమిషాల్లో అయిపోయాయి. మరి కాలవ? ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్లు కట్టేశారు కదా, అడుగున బురదే. తాటాకిళ్లు పెళపెళలాడే రోజుల్లోనే కాలవలూ ఎండుతాయి, అదేం ఖర్మో. చివరికి చెరువులో పైపు దింపితే గుర్రపుడెక్క వేళ్లు దాని మూతి జల్లెడకు చుట్టుకుపోయాయి. మీ కుర్రాడొకడు మెడలోతు నీళ్లలో నిలబడి చేత్తో పీకుతూనే ఉన్నాడు. పీచు మంట సంగతి తెలిసిందే, పైన ఆరినా లోపల రగులుతుంది. మూడో రోజు కూడా పొగ వచ్చింది.

మన కోనసీమలోనే 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. 2014లో నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలింది. ఇలాంటి సీమకు సందుల్లో దూరే చిన్న బండి, చేత్తో మోసుకెళ్లే పంపు అడగడం అత్యాశ కాదనుకుంటాను. కాలవ కట్టే ముందే ఊరికో చెరువు ఎంచి, డెక్క తీయించి, బండి ఒడ్డుదాకా వెళ్లే బాట వేయించమని పంచాయతీలకు మీరే రాయండి. ఏయే వంతెనల మీద మీ బండి పట్టదో వచ్చే వేసవిలోపు ఒకసారి తిరిగి చూడండి. మా ఊరొస్తే బొండాలు నా వంతు.

ఇట్లు,
ఓ కొబ్బరి రైతు