తరగతి గదిలో తెర రోజూ వెలగాలంటే: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

విషయం: ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఐఎఫ్‌పీ ప్యానెళ్లు (వేలితో తాకి నడిపే పెద్ద తెరలు), ట్యాబ్‌ల నిర్వహణ, తల్లిదండ్రులకు కబురు చేర్చే పద్ధతి గురించి.

నమస్కారమండీ.

ప్రభుత్వ బడుల్లో ఈ పరికరాలతో రోజూ పాఠాలు చెప్పే ఉపాధ్యాయులం మేము. కొత్తగా ఏదీ కొనమని ఈ లేఖలో అడగడం లేదు. బడులను బాగుచేసిన నాడు-నేడు పథకం కాలంలో గదుల్లోకి వచ్చిన తెరలు, 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లల చేతికి వచ్చిన ట్యాబ్‌లు చిన్న ఖర్చుతో వచ్చినవి కావు. కొనడానికి బడ్జెట్‌లో పద్దు ఉంటుంది. కొన్న మర్నాటి నుంచి వాటిని నడపడానికి విడిగా పద్దు కనబడదు. మా విన్నపమంతా ఆ రెండో పద్దు గురించే.

ముందు కరెంటు సంగతి. ప్యానెల్ వెనక అంటించిన చీటీ మీద సాధారణంగా 100–240 వోల్టులు అని ఉంటుంది. అంటే లో వోల్టేజీని అది బాగానే తట్టుకుంటుంది. గదిలో ఫ్యాను నీరసంగా తిరుగుతున్నా తెర వెలుగుతూనే ఉంటుంది. దాని ప్రాణం తీసేది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ. త్రీఫేజ్ సర్వీసున్న బడిలో మీటరు దగ్గరో, స్తంభం మీదో న్యూట్రల్ తీగ వదులైతే 230 వోల్టులు రావాల్సిన సాకెట్‌లోకి 300 దాటి, ఒక్కోసారి 400 దాకా వస్తాయి. క్షణంలో పవర్ బోర్డు కాలిపోతుంది. ఒకే రోజు రెండు మూడు గదుల్లో తెరలు పోయాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ‘స్టెబిలైజర్ ఉంది కదా’ అంటారు. వోల్టేజీ మితిమీరితే లైన్ ఆపే హై కటాఫ్ లేని స్టెబిలైజర్ 400 వోల్టులను ఆపలేదు. కావాల్సింది వోల్టేజ్ ప్రొటెక్టర్: 270 దాటినా, 170 కంటే తగ్గినా లైన్ కట్ చేసి, సరఫరా నిలకడగా వచ్చాక అర నిమిషం ఆగి మళ్లీ ఇచ్చే రకం. ప్యానెల్‌కు ఒకటి చొప్పున పెట్టించాలి. ప్యానెల్ ఖరీదు ముందు దాని ఖరీదు లెక్కలోకి రాదు.

ఎర్తింగ్ లేని గదిలో ఇంకో చిక్కుంది. తెర అంచున ఉన్న లోహపు చట్రాన్ని ముట్టుకుంటే పిల్లలకు జిల్లుమంటుంది. లోపలి పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్లుంటాయి. వాటి గుండా వచ్చే కొద్దిపాటి లీకేజీ ఎర్త్ తీగలోకి పోవాలి. ఆ తీగ లేకపోతే చట్రం మీదే నిలుస్తుంది. మామూలుగా అది ప్రమాదకరమైనంత కరెంటు కాదు. కానీ ఎర్త్ లేదని అది చెబుతోంది. రేపు లోపల తీగ తెగి చట్రానికి తగిలితే అప్పుడు నిజమైన షాకే. పైగా ఒకసారి జిల్లుమన్న తెర దగ్గరికి రమ్మంటే పిల్లలు మళ్లీ రారు. ఎర్త్ గుంతలో తడి ఉండాలి. వేసవిలో వారానికి రెండు బకెట్ల నీళ్లు పోయించాలి. ఏడాదికోసారి ఎర్త్ టెస్టర్‌తో కొలిపించి, 5 ఓమ్‌లు దాటితే గుంత బాగు చేయించాలి.

ఇన్వర్టర్ విషయంలో ఆశలు ఎక్కువ పెట్టుకుంటున్నారు గనక లెక్క చెప్తాం. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో నిండా 1.8 యూనిట్ల కరెంటు ఉంటుంది. బ్యాటరీ పాడవకుండా అందులో అరవై శాతం దాకా వాడుకోవచ్చు. ఇన్వర్టర్‌లో పోయేది పోగా చేతికొచ్చేది సుమారు 0.85 యూనిట్. 250 వాట్ల ప్యానెల్ ఒకటైతే మూడు గంటల పైచిలుకు నడుస్తుంది. 5 గదుల్లో ఒకేసారి పెడితే 1,250 వాట్లు. అంత బరువు చిన్న ఇన్వర్టర్ మోయదు. మోసినా ముప్పావు గంటకు మించదు. కాబట్టి బడికి ఒక ఇన్వర్టర్ ఇస్తే, అది ఏ గదికో టైంటేబుల్‌లోనే రాసిపెట్టాలి.

ఇక మాకు అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే ఫిర్యాదు: ‘టచ్ పనిచేయడం లేదు.’ గీత గీస్తే పక్కన పడుతుంది. ఎవరూ ముట్టుకోకుండానే ఒక మూల చుక్కలు వస్తుంటాయి. చాలాసార్లు లోపల ఏమీ చెడి ఉండదు. ఈ ప్యానెళ్లలో ఎక్కువ వాటికి స్పర్శ తెలిసేది గాజు వల్ల కాదు. చట్రం లోపలి అంచుల్లోంచి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు అడ్డంగా, నిలువుగా అల్లుకుని ఉంటాయి. వేలు అడ్డొచ్చిన చోటును తెర గుర్తుపడుతుంది. పక్కనే సుద్దముక్కతో రాసే బోర్డు. డస్టర్‌తో తుడిచినప్పుడల్లా సుద్దపొడి వచ్చి కింది అంచులో కూర్చుంటుంది. ఆ పొడిని కూడా తెర వేలే అనుకుంటుంది. సర్వీసు ఇంజినీరు కోసం టికెట్ పెట్టి వారాలపాటు ఎదురుచూస్తే, చివరికి జరిగేది ఒక గుడ్డతో అంచులు తుడవడమే. స్విచ్ కట్టేసి, పొడి మైక్రోఫైబర్ గుడ్డను వేలికి చుట్టి నాలుగు లోపలి అంచుల వెంట నడిపితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. వారానికోసారి చాలు. తడి గుడ్డ, శానిటైజర్, కిరోసిన్ వాడకూడదు. గాజు మీది మెరుపు తగ్గించే పూత పాడవొచ్చు. తుడిచినా తగ్గకపోతే ఎండ పడుతోందేమో చూడాలి. పడమటి కిటికీలోంచి మధ్యాహ్నం మూడింటికి నేరుగా అంచు మీద పడే ఎండ ఆ సెన్సార్లకు కళ్లు కనబడకుండా చేస్తుంది. అక్కడ కావాల్సింది ఒక కర్టెన్.

ఈ గుడ్డ, కర్టెన్, ప్రొటెక్టర్ అన్నీ ఇప్పుడు ప్రధానంగా కొనాల్సింది కేంద్ర పథకమైన సమగ్ర శిక్ష ఇచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటులోంచే. ఆ నిబంధనల ప్రకారం 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50,000 రూపాయలు. అందులో కనీసం 10 శాతం పారిశుద్ధ్యానికి తీయాలి. మిగిలిన 45,000లోనే సుద్దముక్కలు, రిజిస్టర్లు, కుళాయి రిపేర్లు, కరెంటు బిల్లు. 5 ప్యానెళ్లు రోజుకు మూడు గంటల చొప్పున 220 రోజులు నడిస్తే 825 యూనిట్లు. బిల్లు చూసి భయపడే హెచ్‌ఎం తెర వేయొద్దంటే తప్పు ఆయనదని మేము అనం. ప్యానెల్‌కు ఇంత అని విడిగా ఏటా నిర్వహణ గ్రాంటు ఇవ్వండి. అది నేరుగా బడి ఖాతాలో, జూన్‌లోనే పడాలి. మార్చి నెలాఖరున వచ్చే డబ్బు ఆ ఏడాది పిల్లలకు అక్కరకు రాదు.

ఇంటర్నెట్ సంగతికొద్దాం. పది నిమిషాల పాఠం వీడియో సుమారు 100 ఎంబీ అనుకుందాం. 30 ట్యాబ్‌లలో పిల్లలు ఎవరికి వారు తెరిస్తే 3 జీబీ. సెకనుకు 10 మెగాబిట్ల లైన్ మీద అది దిగడానికి 40 నిమిషాలు. పీరియడ్ అయిపోయింది. లైన్ వేగం పెంచడం ఒక దారి. అంతకన్నా నిలకడైన దారి, పాఠాలను బడిలోనే ఒక చోట పెట్టుకోవడం. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్కు), ఒక వైఫై రూటర్ ఉంటే చాలు. దాని మీద ఉచితంగా దొరికే కోలిబ్రి, కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్లు ఎక్కిస్తే పాఠాలు, తెలుగు వికీపీడియా మొత్తం నెట్ లేకుండానే ట్యాబ్‌లలోకి వస్తాయి. ఇక్కడ పొరపాట్లు మూడు జరుగుతాయి. ఆ బోర్డు సొంత వైఫైతోనే 30 ట్యాబ్‌లు నడుస్తాయనుకోవడం మొదటిది. నడవవు, రూటర్ విడిగా ఉండాలి. ఫోన్ చార్జర్‌తో నడపడం రెండోది. రాస్ప్‌బెర్రీ పై 4కు 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు అందాలి, లేకపోతే మధ్యలో ఆగుతుంది. మెమరీ కార్డు మీద ఆధారపడటం మూడోది. కరెంటు హఠాత్తుగా పోయిన ప్రతిసారీ కార్డులోని ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది, అందుకే ఎస్‌ఎస్‌డీ అన్నాం.

అంతదాకా పెన్‌డ్రైవే దిక్కు. దాన్ని ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ పద్ధతిలో ఫార్మాట్ చేయమని ఒక్క సర్క్యులర్ ఇచ్చినా మేలే. ఎఫ్‌ఏటీ32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను కొన్ని ప్యానెళ్లు చదవవు. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో పాఠాన్ని ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేని గదిలోనూ నడుస్తుంది. కానీ ఆ డౌన్‌లోడ్ ఉపాధ్యాయుల సొంత డేటాతోనే జరుగుతోందని మీ దృష్టికి తెస్తున్నాం.

ట్యాబ్‌లకు వేసవి సెలవులే గండం. చార్జింగ్ అయిపోయిన వాటిని అలాగే బీరువాలో పెట్టి తాళం వేస్తే, ఏడు వారాల తర్వాత కొన్ని అసలు లేవవు, కొన్నిటి బ్యాటరీ ఉబ్బుతుంది. సగం చార్జింగ్‌తో ఆఫ్ చేసి పెట్టాలి. మధ్యలో ఒకసారి తీసి చూడాలి. సెలవుల్లో ఆ ఒక్క రోజుకు ఎవరు రావాలో ఉత్తర్వులో రాయండి. ఉబ్బినదాన్ని చార్జింగ్ పెట్టకూడదు, నొక్కకూడదు.

బోధన గురించి ఒక్క మాట. పీరియడ్ అంతా వీడియో వేయడం బోధన కాదు. తనిఖీకి వచ్చినవారు ‘తెర ఎన్ని గంటలు వెలిగింది’ అని అడిగితే మాత్రం జరిగేది అదే. 10వ తరగతి విద్యుత్ పాఠంలో ఫెట్ అనే ఉచిత వెబ్‌సైట్‌లోని సిమ్యులేషన్ (తెర మీద చేసే ప్రయోగం) తెరిచి, బల్బుకు వరుసలో రెండో బల్బు కలపబోతూ ఆగి, ‘వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా?’ అని చేతులెత్తించి, తర్వాత కలిపి చూపించడానికి ఆరు నిమిషాలు చాలు. మిగతా సమయం పిల్లల నోట్‌బుక్‌లది. ఫెట్‌లో చాలా సిమ్యులేషన్లు తెలుగులో ఉన్నాయి, దించుకుని నెట్ లేకుండా వాడొచ్చు. గంటల లెక్క అడగడం మానేసి, ఏ ప్రశ్న దగ్గర ఆపారో అడగమని తనిఖీ అధికారులకు చెప్పండి.

అక్షరాల సంగతీ ఉంది. ప్రశ్నపత్రాలు ఇప్పటికీ చాలాచోట్ల డీటీపీ సెంటర్లలో ‘అను’ అనే పాత రకం ఫాంట్లతోనే తయారవుతున్నాయి. ఆ ఫైలును ప్యానెల్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనబడతాయి. స్కాన్ చేసి పంపితే అది బొమ్మ. చూపు లేని పిల్లవాడి ఫోన్‌లోని టాక్‌బ్యాక్ (తెర మీది మాటలు చదివే సదుపాయం) దాన్ని సరిగా చదివి వినిపించలేదు. అదే యూనికోడ్‌లో (ఏ పరికరమైనా గుర్తించే అక్షర పద్ధతిలో) ఉంటే తెలుగులో చదువుతుంది. శాఖ నుంచి వచ్చే ప్రతి సర్క్యులర్, ప్రతి ప్రశ్నపత్రం యూనికోడ్‌లో ఉండాలని ఉత్తర్వు ఇస్తే చాలు. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఇక తల్లిదండ్రులు. 2024 డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ అన్ని బడుల్లో ఒకే రోజు పెట్టారు. మంచి పని. అయితే ఏడాదిలో మిగతా రోజుల్లో కబురు చేరాల్సింది ఫోన్ ద్వారానే.

ఈ సందేశం చూడండి: ‘మీ అమ్మాయి ఈ రోజు బడికి రాలేదు. కారణం తెలియజేయండి. - ప్రధానోపాధ్యాయులు’. ఇంగ్లిషు ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాల హద్దు అయితే తెలుగుకు 70. అందులోనూ కంప్యూటర్ లెక్క వేరు. మనం ‘మ్మా’ అని ఒకటిగా చూసేది దానికి నాలుగు: మ, పొల్లు, మ, దీర్ఘం. ‘ధ్యా’ కూడా నాలుగే. అలా లెక్కేస్తే పై సందేశం ఖాళీలు, చుక్కలతో కలిపి సరిగ్గా 70. ‘ప్రధానోపాధ్యాయులు’ అన్న మాట ఒక్కటే 17 తినేసింది. పిల్ల పేరు చేర్చగానే హద్దు దాటి రెండు ఎస్సెమ్మెస్‌లవుతుంది, ఖర్చు రెట్టింపు. ఖర్చు తగ్గించడానికి పేరు తీసేస్తే, ఒకే బడిలో ఇద్దరు కూతుళ్లున్న తల్లికి ఎవరు రాలేదో తెలియదు. చివర ‘హెచ్ఎం’ అని రాస్తే 6తో సరిపోతుంది. మిగిలిన 11లో ‘లక్ష్మి’ లాంటి పేరు (దానికి 7) ఖాళీతో సహా పడుతుంది. ఇంకోటి, ఇలా గుంపుగా పంపే సందేశాల నమూనాను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ముందే డీఎల్‌టీ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదు చేయాలి. నమోదు చేసిన వాక్యానికీ పంపిన వాక్యానికీ తేడా ఉంటే సందేశం దారిలోనే ఆగిపోతుంది, ఆగిందని బడికి తెలియదు. సెలవు, గైర్హాజరు, మీటింగ్, పరీక్ష తేదీ, మార్కులు: ఈ ఐదింటికి పొట్టి తెలుగు నమూనాలు రాష్ట్రమంతటికీ ఒకేసారి నమోదు చేయించండి.

చదవలేని తల్లిదండ్రులకు గొంతే దారి. 30 సెకన్లు మించని వాయిస్ కాల్, పనుల నుంచి ఇంటికి చేరాక, రాత్రి ఏడు ఎనిమిది మధ్య. 140తో మొదలయ్యే నంబరు నుంచి వస్తే ప్రచారం కాల్ అని కట్ చేస్తారు. ప్రభుత్వ కాల్స్‌కు కేటాయించిన 1600 సిరీస్ వాడాలి. తరగతి టీచర్ గొంతుతో, ఆ ఊరి యాసలో ‘అమ్మా, రేపు పదింటికి బడికి రావాలి’ అని రికార్డు చేస్తే ఆగి వింటారు. యంత్రం గొంతైతే మొదటి మాటకే పెట్టేస్తారు.

వాట్సాప్ గ్రూపుల్లో తెలిసి చేస్తున్న తప్పు ఒకటుంది. అందరి మార్కుల జాబితా గ్రూపులో పెడుతున్నారు. ఎవరి మార్కులు వారి ఇంటికే వెళ్లాలి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పెడితే ఒకరి నంబరు ఇంకొకరికి కనబడదు. కానీ మన నంబరు సేవ్ చేసుకున్నవారికే అది చేరుతుంది. అందుకే అడ్మిషన్ రోజునే తల్లి ఫోన్‌లో బడి నంబరు సేవ్ చేయించి పంపాలి. ఆ నంబరు టీచర్ సొంతది కాకూడదు. మహిళా ఉపాధ్యాయులకు రాత్రి వేళ వస్తున్న కాల్స్ గురించి మీకు వివరించి చెప్పనక్కర్లేదు. బడికి ఒక సిమ్, ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ ఇవ్వండి. నంబర్లు జూన్‌లో ఒకసారి, సంక్రాంతి సెలవుల తర్వాత ఒకసారి సరిచూసుకోవాలి. వలస వెళ్లిన కుటుంబాల నంబర్లు ఆ మధ్యలోనే మారతాయి.

బడి వివరాలు నమోదు చేసే వేర్వేరు యాప్‌లను కలిపి లీప్ యాప్‌గా తెచ్చినందుకు కృతజ్ఞతలు. అందులో నమోదు చేసిన వివరాలు సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌లోనే ఉండి, దొరికినప్పుడు వెళ్లేలా చేయండి. మొదటి పీరియడ్‌లో ఏ ఎంట్రీకీ గడువు పెట్టకండి.

మండలానికి ఒకరు చొప్పున ఈ పరికరాలు చూసే మనిషి కావాలి. ఆ మనిషి సంచీలో మల్టీమీటర్, ఎర్త్ టెస్టర్, మైక్రోఫైబర్ గుడ్డలు, రెండు ప్రొటెక్టర్లు, ఒక హెచ్‌డీఎంఐ కేబుల్ ఉంటే నూరు కిలోమీటర్ల దూరం నుంచి ఇంజినీరు రావాల్సిన పనులు చాలా తగ్గిపోతాయి. ఆ నియామకానికి వేళ పట్టొచ్చు. ఎర్త్ పరీక్షకు మాత్రం సరైన వేళ వేసవే. మే నెల ఎండలకు గుంతలు పూర్తిగా ఎండి ఉంటాయి. వానలకు ముందు, జూన్ 12న బడులు తెరిచేలోపు కొలిపిస్తేనే అసలు పరిస్థితి తెలుస్తుంది.

ఇట్లు,
ప్రభుత్వ ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు కొందరు