జీతం కింద పోయిన సీమ

సికింద్రాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇంత ఆలస్యం చేశానని కోపం వచ్చుంటే నాలుగు తిట్టు, పడతాను. ఇక్కడ అందరం కులాసా. అమ్మకి మోకాళ్ళు కాస్త నయం. పిల్లది పదో తరగతికి వచ్చింది. కబుర్లు ఇంతే, మిగతావి ఇంకోసారి.

నువ్వడిగావే, "మా జిల్లాల్ని దత్త మండలాలు అన్నారు సరే, ఎవరు ఎవరికి దత్తం చేశారు, ఎందుకు?" అని. అది చెప్పకుండా నాకు నిద్ర పట్టేలా లేదు. హైదరాబాద్ నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు, సిపాయిల జీతం కింద రా. మీ కడప, అనంతపురం, బళ్ళారి ఒక సైన్యం జీతాల బిల్లు. ఆ సైన్యం దిగింది ఇక్కడే, మా సికింద్రాబాద్‌లో.

మొదట్నించీ చెప్తాను, తొందరపెట్టకు. 1798 సెప్టెంబరు 1న నిజాం అలీ ఖాన్‌కీ కంపెనీకీ ఒప్పందమైంది. ఆరు వేల మంది సిపాయిలు, ఆరు పటాలాలు, హైదరాబాద్‌లో ఉంటారు. అధికారులు కంపెనీవాళ్ళు, హుకుం కంపెనీది, డబ్బు నిజాంది. ఏడాదికి 24,17,100 రూపాయలు. పన్నెండుతో భాగించు, నెలకు సరిగ్గా 2,01,425. పైసా తేడా రాదు. జీతాల పట్టీ ముందు రాసుకుని తర్వాత ఒప్పందం రాసినట్టుంటుంది. ఆ అక్టోబరు 22నే నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి దళాన్ని, దాదాపు 14,000 మందిని, చుట్టుముట్టి ఆయుధాలు లాక్కున్నారు. వాళ్ళ నాయకుడు రేమండ్ అప్పటికి చనిపోయి ఏడు నెలలు. మూసారాంబాగ్ అంటున్నామే, అది ఆయన పేరే. ఇంక నిజాంకి ఇంకో దిక్కు లేకుండా పోయింది.

రెండేళ్ళు తిరిగాయి. 1800 అక్టోబరు 12న కొత్త ఒప్పందం. ఇంకో రెండు పటాలాలు, ఒక గుర్రపు దళం అదనం. మొత్తం ఎనిమిది వేల కాల్బలం, వెయ్యి గుర్రాలు. అసలు మెలిక ఇక్కడుంది, జాగ్రత్తగా చదువు. ఇకమీదట నగదు వద్దు, భూమి ఇవ్వు అన్నారు. నగదైతే ప్రతి కిస్తుకీ అడగాలి, బకాయి పడుతుంది, పేచీ వస్తుంది. భూమి చేతికొస్తే శిస్తు తామే వసూలు చేసుకుంటారు, ఇచ్చేవాడి తలుపు తట్టక్కర్లేదు. ఇచ్చిన భూమి ఏది? 1792లో, 1799లో టిపూ మీద యుద్ధాల్లో నిజాం వాటాకి వచ్చిందంతా. అదే కంపెనీ పక్కన నిలబడి గెలుచుకున్న నేల. ఒక ముక్క ఎనిమిదేళ్ళు ఉంది ఆయన దగ్గర, ఇంకో ముక్క ఏడాది పైచిలుకు. తుంగభద్ర హద్దుగా ఉండాలని అవతలి ఊళ్ళు కొన్ని ఆయనకే వదిలి, బదులుగా ఇవతల ఆదోని తీసుకున్నారు. కర్నూలు సంగతి కొంచెం వేరు. అక్కడ నవాబు పేష్కష్, అంటే కప్పం, కట్టుకుంటూ 1839 దాకా నెట్టుకొచ్చాడు, తర్వాత అదీ పోయింది.

1798 ఒప్పందంలో నెత్తురు ఉడికించే షరతు ఒకటుంది. అంత ఖర్చు పెట్టి పోషిస్తున్న దళాన్ని చిన్నాచితకా పనులకి వాడకూడదు, శిస్తు వసూలుకి ఊళ్ళలో నిలపకూడదు. దాన్ని రాయడానికి వాడిన మాట ఏమిటో తెలుసా? "సెబందీ"లాగా వాడకూడదు అని. మన ఆఫీసుల్లో సిబ్బంది అంటామే, ఆ మాటే రా! శిస్తు వసూలుకి పెట్టుకునే బంట్లు. అంటే డబ్బు నిజాం కట్టాలి, ఈయన పన్ను రాబట్టుకోవడానికి మాత్రం ఆ దళం కదలదు.

ఇంక మీ వైపు చూడు. ఆ నవంబరులోనే థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చాడు, 1807 దాకా ఉన్నాడు. ఎనభై మంది పాలెగాళ్ళని అణచి, పొలాలు కొలిపించాడు. 33 అడుగుల గొలుసు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు అయితే గుంట. నలభై గుంటలు ఎకరం. మా తెలంగాణ పల్లెల్లో ఇవాళ్టికీ పొలం గుంటల్లోనే చెప్తారు. ఎర్రనేలలో ఆ గొలుసు ఈడ్చుకుంటూ పోతుంటే, ప్రతి చదరం మీదా ఎక్కడో సికింద్రాబాద్‌లో ఒక సిపాయి తిండి, బట్ట, తుపాకీ మందు లెక్క పడుతోందన్నమాట. ఆ గొలుసు నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు రా. మీ సీమకి మంచి పేరు రావడానికి 1928 దాకా ఆగాల్సి వచ్చింది, నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు "రాయలసీమ" అనేదాకా.

సరే, జీతానికి భూమి ఇచ్చేశాడు, నిజాం బాకీ తీరిపోయినట్టే కదా? నేనూ అలాగే అనుకున్నాను. తీరలేదు. ఇంకో దళం పుట్టుకొచ్చింది. యుద్ధం వస్తే నిజాం తన సొంత సైన్యం, ఆరు వేల కాల్బలం, తొమ్మిది వేల గుర్రాలు పంపాలని 1800 ఒప్పందంలో ఉంది. ఆ సొంత సైన్యం పనికిరాదని నిజాం కొలువులో కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు, హెన్రీ రస్సెల్ 1813లో రెండు పటాలాలు కొత్త పద్ధతిలో తయారు చేయించాడు. రస్సెల్ బ్రిగేడ్ అన్నారు. పెరిగి పెరిగి హైదరాబాద్ కంటింజెంట్ అయింది, బొల్లారం దాని ముఖ్య స్థావరం. అధికారులు ఇంగ్లీషువాళ్ళు, వాళ్ళ జీతాలు పెద్దవి, ఖర్చు ఏటా 40 లక్షల దాకా. "పాపం నిజ్జీ, అన్నిటికీ ఆయనే కడతాడు" అని ఆ అధికారుల్లో ఒక నానుడే ఉండేదట. యుద్ధం లేనప్పుడు ఇలాంటి దళాన్ని పోషించాలని ఏ ఒప్పందంలోనూ లేదు. ఈ మాట నాది కాదు, గవర్నర్ జనరల్ డల్హౌసీయే తర్వాత ఒప్పుకున్నాడు.

డబ్బు ఎక్కడ తేవాలి? జీతం నెలనెలా ఇవ్వాలి, శిస్తు వచ్చేది పంట చేతికొచ్చాక. ఆ మధ్య ఖాళీలోకి షావుకార్లు వచ్చారు. అందరికంటే పెద్దది పామర్ కంపెనీ. నిజాం తరఫున పాలన నడిపే చందూలాల్ వాళ్ళ దగ్గర నూటికి 24, 25 వడ్డీకి తెచ్చేవాడు, బదులుగా జిల్లాల శిస్తు రాసిచ్చేవాడు. శిస్తు ముందే పోతే వచ్చే ఏడు మళ్ళీ అప్పు తప్పదు. 1820లో రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫ్ ఇది బయటపెట్టాడు.

ఇప్పుడు మా అత్తగారి గుంటూరు కూడా ఇందులోకి వస్తుంది. ఉత్తర సర్కారుల కోసం కంపెనీయే నిజాంకి ఏటా 7 లక్షల పేష్కష్ కట్టేది. పామర్ అప్పు తీర్చడానికి 1823లో దాన్ని శాశ్వతంగా అమ్మించారు. ఎంతకి? 1,16,66,666 రూపాయలకి. కాగితం తీసుకుని లెక్క వేసి చూడు: 7 లక్షలు నూటికి 6 వడ్డీ అనుకుంటే అసలు ఎంత? సరిగ్గా అదే! ఆయన తెచ్చుకున్న అప్పుకి పాతిక దాకా వడ్డీ, ఆయనకి రావాల్సిన రాబడికి వెల కట్టింది ఆరు చొప్పున. సీమ మొదటి దళానికి పోతే, కోస్తా నుంచి రావాల్సిన సొమ్ము రెండో దళం అప్పులో పోయింది.

అయినా బకాయిలు ఆగలేదు. తర్వాత కంపెనీయే కంటింజెంటు జీతాలు తన ఖజానా నుంచి ఇస్తూ నిజాం ఖాతాలో రాసుకుంది. 1853కి అది 40 లక్షలు దాటింది. మే 21న అప్పటి నిజాం నసీరుద్దౌలా చేత సంతకం పెట్టించి ఇప్పటి మహారాష్ట్రలోని బేరారు, రాయచూరు, ధారాశివ్ తీసుకున్నారు. హైదరాబాద్ పక్షం వాదన ఒకటుంది, అది చదివాక కాసేపు అలా కూర్చుండిపోయాను. సికింద్రాబాద్, జాల్నా కంటోన్మెంట్లలో సారా మీద వచ్చే ఆబ్కారీ సొమ్ము కంపెనీ తీసుకుంటోంది. అది ఏటా లక్ష దాకా ఉంటుంది, నలభై ఏళ్ళ పైమాటగా నడుస్తోంది. ఆ సొమ్ము నిజాంకి జమ చేసి ఉంటే బాకీ దాదాపు చెల్లిపోయేది. ఎవరూ జమ చేయలేదు.

1853 ఒప్పందంలో ఒక్క మంచి ముక్క ఉంది. ఏటా నిజాయితీగా లెక్క చూపాలి, దళం ఖర్చు పోగా మిగిలింది నిజాంకి ఇవ్వాలి. శీనూ, 1860 డిసెంబరు 26న ఆ ముక్కనే కోసేశారు. రాయచూరు, ధారాశివ్ తిరిగిచ్చారు, 50 లక్షల అప్పు కొట్టేశారు, 32 లక్షల రాబడి వచ్చే బేరారు మాత్రం ఉంచుకున్నారు. దాంతోపాటు రాసిన షరతు: గడిచిన దానికి గానీ, ఇప్పటి దానికి గానీ, రాబోయే దానికి గానీ నిజాం లెక్క అడగకూడదు. మిగులు ఉంటే ఇస్తారు, ఖర్చు ఎంతన్నది మాత్రం పూర్తిగా బ్రిటిష్ ప్రభుత్వం ఇష్టం. మన మెస్ పుస్తకంలో "ఇతరములు" పద్దు రా ఇది! నువ్వు ఆ పేజీ మీద ఎర్ర సిరాతో ఏం రాశావో గుర్తుందా? అదే రాయాలి దీని మీద.

నిజాం దివాను సాలార్ జంగ్ ఊరుకోలేదు. కంటింజెంటు జీతాలకి పూచీగా నగదే కడతాం, బేరారు ఇవ్వండి అని 1872లో అడిగాడు. లాజిక్ ఎంత గట్టిగా ఉందో చూడు: తాకట్టు ఎందుకు పెట్టారు, జీతం కోసం. జీతానికి డబ్బు ఇస్తున్నాం, తాకట్టు విడిపించండి. ఒప్పుకోలేదు. 1876లో ఇంగ్లండు దాకా వెళ్ళొచ్చాడు, ఫలితం లేదు. చివరికి 1902లో వైస్రాయి కర్జన్ వచ్చి, అప్పటి నిజాం మహబూబ్ అలీ పాషా చేత ఏటా 25 లక్షలకి బేరారుని శాశ్వత కౌలుకి రాయించాడు. మరుసటి ఏడు కంటింజెంటుని కూడా ఇండియన్ ఆర్మీలో కలిపేశారు. ఏ దళం కోసం భూమి తీసుకున్నారో ఆ దళమే లేదు, భూమి మాత్రం

ఇదిగో, కరెంటు రెండుసార్లు పోయింది, ఇన్వర్టరు కుయ్‌మంటోంది. పొద్దున్నే సురేశ్ కడప బస్సెక్కుతున్నాడు, ఇది వాడి చేతికివ్వాలి. బేరారు గురించి ఆఖరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1925లో వైస్రాయి రీడింగ్‌కి రాసిన ఉత్తరం సంగతి మిగిలిపోయింది, అది ఇంకో పది పేజీలు. చిన్నాన్నగారికి నమస్కారాలు చెప్పు. మీ ఊళ్ళో పాత శిస్తు పట్టాలు ఎవరింట్లోనైనా ఉంటే

ఉంటాను రా.
నీ,
రఘు