పెదజాలారిపేట వాళ్లకు మా నాటిక బృందం తరఫున కృతజ్ఞతలు

మొన్న విశాఖ కళాభారతి హాల్లో మా నాటిక అయ్యాక కలిసినవాళ్లంతా వల కుట్టే సీను గురించే మాట్లాడారు. "ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగారు. ఆ హడావుడిలో తీరిగ్గా చెప్పడం కుదరలేదు. ఆ మెచ్చుకోలు చేరాల్సినవాళ్లు ఇక్కడి మత్స్యకారుల పేట, పెదజాలారిపేటలో ఉన్నారు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

నాది వేటకెళ్లిన కొడుకు కోసం ఎదురుచూసే తండ్రి పాత్ర. దాదాపు నాటికంతా ఒడ్డున కూర్చుని, వల బాగుచేస్తూనే మాట్లాడాలి. విశాఖలో పుట్టి పెరిగినవాణ్నే. నెత్తళ్లకీ కానాగంతలకీ బేరమాడటం వచ్చుగానీ వల చేత్తో పట్టింది లేదు. తెలిసినవాళ్ల ద్వారా అక్కడికి వెళ్లేసరికి వేట నిషేధం నడుస్తోంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లను ఆపేస్తారు. వలలు, ఇంజన్లు బాగుచేసుకునేది అప్పుడే. చూసేవాళ్లకు ఖాళీగా ఉన్నట్టే ఉంటారు గానీ చేతిలో రాబడి ఉండదు. నిషేధ కాలానికి ప్రభుత్వమిచ్చే సాయం డబ్బు ఎప్పుడు పడుతుందా అని చూసే రోజులవి. అలాంటప్పుడు ఎవరో నాటకాలాయన వచ్చి నేర్పమంటే విసుక్కున్నా నేనేమీ అనుకునేవాణ్ని కాదు. వాళ్లు బోటు నీడలో చోటిచ్చి, టీ తెప్పించారు.

నేర్పిన తాతకు డెబ్బై దాటి ఉంటాయి. చిరిగిన చోట వెంటనే కుట్టడం మొదలుపెట్టరని మొదటిరోజే తెలిసింది. ముందు చిన్న కత్తితో ఆ చిరుగును ఇంకా పెద్దది చేస్తారు. తెగిన పోగులన్నీ కోసేసి, గట్టి ముళ్లు మాత్రమే మిగిలేలా చూసుకుంటారు. కాలి బొటనవేలికి వల తగిలించి బిగువుగా లాగి పట్టి, నైలాన్ దారం చుట్టిన ప్లాస్టిక్ సూదితో ఒక్కో కన్నూ అల్లుకుంటూ వస్తారు. కళ్లన్నీ ఒకే కొలతలో రావాలి. ఇదంతా చేస్తూ తాత మనవరాలి స్కూలు ఫీజు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు.

ముడి వేయడం కాస్త పట్టుబడ్డాక, డైలాగ్ చెబుతూ చేసి చూపించాను. కాసేపు చూసి, "వల కాసి సూడకు బాబూ. సేతికి తెల్సు. నువ్వు నీటి కాసి సూడు" అన్నాడు.

ఇన్నేళ్లుగా స్టేజీ మీద ఉన్నాను, ఇంతకన్నా పనికొచ్చే సలహా నాకు ఏ రిహార్సల్లోనూ దొరకలేదు. చూపు సముద్రం మీదికి పోయేసరికి డైలాగ్ దానంతటదే నెమ్మదించింది. ముడి బిగించే చోట మాట ఆగుతోంది, దారం లాగాక మళ్లీ మొదలవుతోంది. గొంతులో ఏడుపు తెచ్చుకోవాల్సిన అవసరమే లేకపోయింది. అది చూసి మా దర్శకుడు కొడుకు గురించి తండ్రి బాధపడే డైలాగ్ సగానికి పైగా కొట్టేశారు. ఆ సీనులో మీకు నచ్చిన మౌనం ఆ కోతలోంచి వచ్చిందే.

మా నాటికలో తల్లి వేషం వేసిన అమ్మాయికి అక్కడి అక్క ఒకావిడ చేపల గంప ఎత్తుకోవడం నేర్పింది. నిండు గంప ఒక్కరే తలకెత్తుకోలేరు, ఇంకో చెయ్యి కావాలి. రాసిన సీనులో ఆ తల్లి ఒంటరిగా గంపెత్తుకుని వెళ్లిపోతుంది. అక్క చెప్పిందని పక్కింటావిడ పాత్ర వచ్చి చెయ్యి సాయం పట్టేలా మార్చుకున్నాం. ఇద్దరూ ఒక్కమాటా అనుకోరు. నాకు నాటిక మొత్తంలో బాగా ఇష్టమైన చోటు అదే. గంప, చుట్టకుదురు కూడా ఆవిడవే.

యాస గురించి కూడా చెప్పాలి. 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' ఆడినప్పుడే గురజాడ మన వాడుక మాటను స్టేజీ ఎక్కించారు. అయినా ఉత్తరాంధ్ర యాస అనగానే నవ్వించడానికే అనుకునే అలవాటు ఇంకా పోలేదు. నాకది ఎప్పుడూ బాధే. మా డైలాగులు చదివి వినిపిస్తే పేట కుర్రాళ్లు ఓపిగ్గా విని, "ఈ మాట మేం అనం, ఇలా అంటాం" అని దిద్దిపెట్టారు. హాల్లో ఆ మాటలకు ఎక్కడా అనవసరమైన నవ్వు రాలేదు. ఆ గౌరవం వాళ్లు దిద్దినందువల్ల దక్కింది.

నేల మీద కూర్చుని మాట్లాడితే వేలాడే మైకులకు అందదని గమనించి, పడవ చాటున నేల మైకు పెట్టిన సౌండ్ తమ్ముడికి థాంక్స్. రిహార్సల్ రోజుల్లో నా షిఫ్టులు సర్దుకున్న ఆఫీసు మిత్రులకు, రాత్రి ఏ వేళకు వచ్చినా పలకరించి అన్నం పెట్టిన మా ఆవిడకు కూడా.

ప్రదర్శనకు పేట నుంచి తాత, అక్క, కుర్రాళ్లు అందరూ వచ్చారు. అయ్యాక అక్క నా దగ్గరకొచ్చి, "ఇంతకీ ఆ కుర్రోడు వొచ్చీసినాడా, లేదా?" అని అడిగింది. నాటిక అది తేల్చకుండానే ముగుస్తుంది. నేను ఏమీ చెప్పలేకపోయాను. పక్కనున్న తాత, "వొస్తాడు, ఇంకా తెల్లారలేదు గదా" అన్నాడు. మా రచయిత ఆ మాట నాటికలో పెట్టుకోవచ్చా అని అడిగితే సరేనన్నాడు.

ఇకమీదటి ప్రదర్శనల్లో ఆ మాట ఉంటుంది. వచ్చే వేట నిషేధం రోజుల్లో పెదజాలారిపేటలోనే, ఇసుక మీద, అందరూ ఒడ్డునుండే సమయం చూసి ఆడాలనుకుంటున్నాం. టికెట్ ఉండదు. జనరేటరు, లైట్లు ఇప్పించగలవాళ్లు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి.